గోడ దాటిన పుప్పొడి

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అప్పలసూరి మాత్రం పస్తుంటాడు గానీ అడగడు. భిలాయి ఉక్కు కార్ఖానాలో ముప్ఫై నాలుగేళ్ళు ఉక్కు కరిగించి రిటైరయ్యాడు. పెళ్ళి భోజనాల్లో రెండోసారి పులుసు కూడా అడిగి ఎరగడు. ఇంటికొచ్చి పెళ్ళాం గున్నమ్మ మీద విసుక్కునేవాడంతే. అలాంటి మనిషి పక్కింటి విమలకుమారి చంద్రకాంత మొక్క మీద మనసు పడ్డాడు. నాలుగు గింజలు ఇవ్వమంటే పోయేదానికి దొంగతనానికి దిగాడు.

ఆ మొక్క ఆకుల మీద సున్నం చిందినట్టు తెల్లటి చారలుంటాయి. కిందటేడు భిలాయిలో వాళ్ళుండే కోహ్కా కాలనీ పూలపోటీలో దానికి మొదటి బహుమతి వచ్చింది. అప్పలసూరి చంద్రకాంతకి ఉత్త పచ్చటి ఆకులు, తెల్లటి పూలు, ప్రోత్సాహక బహుమతి. ఈ ఏడు తన పెరట్లోనూ చారల మొక్క లేస్తుందని పొద్దున నడకకొచ్చే జట్టు మొత్తానికి మాటిచ్చేశాడు.

కరిగిన ఉక్కులో మాంగనీసు వేస్తే ఆ గుణం ఉక్కుకి పట్టి తీరుతుంది. పుప్పొడి మాత్రం ఎందుకు పట్టదని ఆయన లెక్క. చారల మొక్క కొమ్మలు ఎలాగూ గోడ మీద నుంచి ఇటే వంగి ఉన్నాయి. ఆ పూలు విచ్చుకునేది సాయంత్రం నాలుగింటికి. ఆ వేళకి విమలకుమారి, ఆవిడ భర్త శౌరి లోపల టీ తాగుతుంటారు. యూట్యూబులో చూసినట్టే తన మొక్క మొగ్గల్లో కేసరాలు పీకేసి, వాళ్ళ ఎర్రపూల పుప్పొడి దూదిపుల్లతో తెచ్చి అద్దాడు. ఎవరూ గుర్తుపట్టకుండా తల మీద తువ్వాలు కూడా కప్పుకున్నాడు. తన పెరట్లో తనని గుర్తుపట్టరని ఎలా అనుకున్నాడో ఆయనకే తెలియాలి.

కాసిన గింజలు ఇరవై పాతాడు. ఇరవయ్యీ మొలిచాయి. ఒక్కదానికీ చారన్నది లేదు.

ఆయన కూతురు భాగ్యరేఖ కోచింగ్ సెంటర్లో బయాలజీ చెబుతుంది. అప్పలసూరి ఆమె చుట్టూ నాలుగు రోజులు తిరిగి చివరికి నోరు విప్పాడు.

"నడకలో ఎవులో అడిగినాడు గానీ, సారల మొక్క పుప్పొడేస్తే సారలు రావేటి?"

"నహీ ఆయేంగే, రావు నాన్నా. ఆకు కణాల్లో ప్లాస్టిడ్లని చిన్నచిన్న పచ్చ రేణువులుంటాయి. మొక్కకి వంట చేసిపెట్టేవి అవే. కొన్నిటికి పచ్చరంగు తయారుచేసే శక్తి పోతే అక్కడ తెల్లగా ఉంటుంది. వాటి జీన్లు కొన్ని వాటిలోనే విడిగా ఉంటాయి, అలగ్. చంద్రకాంతలో అవి తల్లి నుంచే విత్తనంలోకి వస్తాయి. పుప్పొడి మోసుకురాదు."

"అంటే తండ్రి కాణ్ణించి ఏటీ రాదా?"

"ప్లాస్టిడ్ల మటుకు, కుఛ్ నహీ."

వంటింట్లో గున్నమ్మ చేతిలో గరిటె ఆగింది. కూతురికి మార్కులొస్తే "మా వొంశం", కోపమొస్తే "మీ పుట్టింటి బుద్ధి" అని ఇన్నేళ్ళుగా మొగుడి నోట వింటున్న మనిషి. "ప్లాస్టిడ్ల మటుకు" అన్న ముక్క ఆవిడకి వినపడలేదో, వినదలుచుకోలేదో.

"తండ్రి కాణ్ణించి పిల్లలకి ఏటీ రాదంట! సైన్సు సెప్పింది!" అని సాయంత్రానికల్లా వీధంతా చాటింది.

వీధిలో మగాళ్ళకి గడ్డుకాలం మొదలైంది. ఇంజినీరు కొడుకుని చూసి "అచ్చం నా పోలికే" అన్నందుకు నరసింగరావుకి ఆ రాత్రి చల్లన్నమే దక్కింది. ఈ గోలంతా ఆయనింట్లోంచే మొదలైందని నడక జట్టు అప్పలసూరిని పక్కన పెట్టేసింది. అది ఆకుల చారల మాటేనని చెప్పబోతే ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో, పుప్పొడి సంగతీ చెప్పాలి. అందుకని ఆయన దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు.

ఆగస్టులో ఒక సాయంత్రం ఆ మొక్కలు పూశాయి. తెల్లగా కాదు, గులాబీ రంగులో! రెండు తెల్లవి తప్ప పద్దెనిమిదీ అంతే.

"అరే వాహ్!" అంది భాగ్యరేఖ. "తల్లి తెల్లది, తండ్రి ఎర్రదైతేనే ఈ రంగు. పూల రంగు ప్లాస్టిడ్ల సంగతి కాదు నాన్నా, ఇద్దరూ చెరిసగం ఇస్తారు. లేకిన్, మనింట్లో ఎర్రది లేదు కదా?"

అప్పలసూరికి ఆనందం, భయం ఒకేసారి ముంచుకొచ్చాయి. తండ్రుల పరువు నిలబెట్టే సాక్ష్యం కళ్ళెదుట పూసింది. దాన్ని చూపిస్తే తన పరువు గంగలో కలుస్తుంది.

అంతలో గున్నమ్మ నలుగురు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని పెరట్లోకొచ్చింది. "పేరుకే తండ్రమ్మా. వొట్టి సున్న," అని మొదలుపెట్టింది. గోడవతల విమలకుమారి పకపకా నవ్వింది. గోల విని కప్పుతో బయటికొచ్చిన శౌరి ఆవిడ పక్కన తల వంచుకుని టీ తాగుతున్నాడు. నలుగురు పిల్లల్ని పెంచి పెద్దచేసిన మనిషి అలా తల వంచుకుంటే అప్పలసూరి తట్టుకోలేకపోయాడు.

"తండ్రి ఉన్నాడే! ఈ రంగు తండ్రిదే!" అని అరిచాడు. "ఆ తండ్రి అదిగో, గోడ మీదున్నాడు! పుప్పొడి నానే దొంగతనంగా తెచ్చీసినాను!"

ముందుగా శౌరి తలెత్తాడు.

విమలకుమారి గోడ మీదకి వంగి గులాబీ పూలన్నీ కలయజూసింది. "మా అబ్బాయిని చెప్పా పెట్టకుండా ఇల్లరికం లాక్కుపోయారా అన్నయ్యగారూ? ఇరవై మంది పిల్లలు పుట్టాకా మాకు కబురు?"

"పద్దెనిమిది మందేనే," అన్నాడు శౌరి. "ఆ తెల్లవి రెండూ మనవాడి బిడ్డలు కారు."

ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. ఇంత పోయాక ఇంకేం మిగిలిందనుకున్నాడో ఏమో, అప్పలసూరి జన్మలో మొదటిసారి అడిగాడు. "సెల్లెమ్మా... ఆ సారల గింజలు... నాలుగు..."

"చారలొచ్చేది తల్లి నుంచేగా, ఆ గింజలడిగారంటే పిల్లనడుగుతున్నట్టే కదండీ," అంది విమలకుమారి. "గోడ మీంచి, బనీనుతో పిల్లనడుగుతారా ఎవరైనా?"

అప్పలసూరి లోపలికెళ్ళాడు. పావుగంటకి రిటైర్మెంటు నాటి చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, పళ్ళెంలో అరటిపళ్ళు పెట్టుకుని వీధి గుమ్మంలోంచి బయటికొచ్చాడు. వెనకాల గున్నమ్మ పట్టుచీరలో ఉంది. వీధంతా చూస్తుండగా పక్కింటి గేటు తీసుకుని వెళ్ళి తలుపు కొట్టాడు.

"మీ పిల్లని మా పెరట్లోకి ఇయ్యమని అడగడానికొచ్చినాం," అన్నాడు.

విమలకుమారి పళ్ళెం అందుకుని కుర్చీ చూపించింది. "కూర్చోండి. మీ వైపు నీళ్ళ సౌకర్యం ఎలా ఉంటుందండీ?"

అప్పలసూరి కుర్చీ అంచున కూర్చుని, కుళాయి ఎన్నింటికొస్తుందో వినయంగా చెప్పడం మొదలుపెట్టాడు.