పనాయిస్ తన పడవను తానే ముంచిన రోజు

కొండవాగు పొంగి ఊరి నూనెగానుగను సముద్రంలోకి ఈడ్చుకుపోయిన వరద తరువాత నాలుగో యేడు అది. సెప్టెంబరు. ఇథాకి ద్వీపంలో ద్రాక్ష కోతలు నడుస్తున్నాయి.

కాఫీ కొట్లో రేడియో మోగుతోంది. మాట్లాడేది రుబీని. ఈ ఊరి పిల్లే, ఏథెన్సులో వాతావరణ కార్యాలయంలో పని చేస్తుంది. మూల బల్ల దగ్గర కూర్చున్న జాలరి స్తాథిస్‌కు మేనకోడలు.

"వేడి సముద్రాల్లో పుట్టే రకం సుడి తుఫాను మన సముద్రంలో లేచింది. బాగా చిన్నది కావడంతో మా లెక్కలు ఒకదానికొకటి పొసగడం లేదు. ఇథాకికి ఉత్తరంగా పోతే గాలి దక్షిణం నుంచి కొడుతుంది. దక్షిణంగా పోతే ఉత్తరం నుంచి. దారిలోనే చల్లారినా చల్లారవచ్చు."

కొట్టు యజమాని మేమాస్ కప్పులు తుడుస్తూ పకపకా నవ్వాడు. "రావచ్చు, రాకపోవచ్చు, అటు పోవచ్చు, ఇటు పోవచ్చు. ఈ మాత్రానికి ఏథెన్సు దాకా ఎందుకురా? మా మేకనడిగినా చెబుతుంది."

అందరూ నవ్వారు. నిరుడు ఆ పిల్ల మాట విని పడవలన్నీ ట్రాక్టరుతో గట్టెక్కించారు. ఇక్కడ ఆకు కదల్లేదు. తుఫాను ఇటలీ మీద పడింది. పక్క ఊరివాళ్ళు వలల నిండా చేపలు లాగుతుంటే వీళ్ళు గట్టున కూర్చుని చూశారు. స్తాథిస్ ఆ సంగతి మరిచిపోలేదు.

రుబీని తండ్రి పనాయిస్ మాత్రం నవ్వలేదు. స్తాథిస్ చెల్లెలి మొగుడతను. సగం కాఫీ వదిలేసి లేచిపోయాడు. పనాయిస్ కాఫీ వదలడం స్తాథిస్ ఎన్నడూ చూడలేదు.

'వీడికి ఏదో తెలుసు' అనుకున్నాడు.

స్తాథిస్‌కు ఉన్నదల్లా ఒక పడవ. ఈ వయసులో ఇంకొకటి చేయించుకోలేడు. ఊరి ముందు రేవు ఉత్తరానికి తెరుచుకుని ఉంటుంది. కొండ వెనక రేవు దక్షిణానికి. గట్టెక్కించే ట్రాక్టరేమో ద్రాక్ష తోటల్లో ఉంది. ఎటు కట్టాలో తెలిస్తే పడవ దక్కుతుంది.

ఇంటికి పోయి రుబీనికి ఫోను చేశాడు.

"ఇది రేడియో కాదే. నేను, మావయ్యని. చెప్పు, ఎటు?"

"తెలియదు మావయ్యా."

"మీ నాన్నకి తెలుసుగా?"

"నాన్నకీ ఇదే చెప్పాను. ఒట్టు."

"అవునవును" అని ఫోను పెట్టేశాడు. సొంత మేనమామ దగ్గర కూడా దాస్తోంది. ఇంత అభిమానం లేని పిల్ల అవుతుందనుకోలేదు.

పనాయిస్ పడవ రేవు దాటి కొండ చుట్టూ తిరగడం కిటికీలోంచి కనబడింది. స్తాథిస్ కాలిబాటన కొండెక్కి చెట్ల చాటున నిలబడ్డాడు. అదీ సంగతి. వెనక రేవు! అంటే గాలి ఉత్తరం నుంచి. తనూ పడవ ఇటు తెచ్చేస్తే సరి.

కానీ కింద పనాయిస్ పడవను కట్టడం లేదు. వెనక తగిలించిన ఇంజను విప్పి గట్టున పెట్టాడు. వలలు దించాడు. ఒడ్డు నుంచి రాళ్ళు మోసి పడవ నిండా నింపాడు. తెడ్లతో మనిషిన్నర లోతుకు తీసుకుపోయి, వంగి అడుగున ఏదో లాగాడు. పడవ బుడబుడమంటూ మునిగిపోయింది. పనాయిస్ ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు.

స్తాథిస్ దిగి వెళ్ళాడు.

"భేషుగ్గా ఉంది బావా. తుఫాను రాకముందే పడవ పోయింది. సర్కారు పరిహారానికి ఇప్పుడే పెట్టుకుంటావా, రేపటిదాకా ఆగుతావా?"

పనాయిస్ చొక్కా పిండుకున్నాడు. "నీ నోట్లో ఉప్పు పొయ్య. అడుగు కన్నానికున్న బిరడా తీసి ముంచానంతే. మా తాత చేసేవాడు. ఎటు నుంచి కొడుతుందో తెలియనప్పుడు అడుగున పడుంటే గాలికి అందదు."

"నీకు తెలియదంటే నమ్మమంటావు."

"నా కూతురికే తెలియదు, నాకెలా తెలుస్తుంది? నీదీ తీసుకురా. ఇద్దరం కలిసి ముంచుదాం. రాళ్ళు నేను మోస్తా."

తుఫాను వెళ్ళిన మర్నాడు చేపలు ఒడ్డుకి ఎక్కివస్తాయి. ముందు వల వేసినవాడిదే పంట. తనను ముంచమంటున్నది అందుకే. తన పడవ ఇంకా అడుగునే ఉండగా ఇతనేమో బిరడా కొట్టి ముందు తేలతాడు. వెనక రేవుకి పడవ తెచ్చి చూపించడం కూడా తనను లాగడానికే కాబోలు.

"నాకు తెలుసులే" అని వెనక్కి తిరిగాడు. చలికాలపు గాలివానలన్నీ దక్షిణం నుంచే వస్తాయి. తండ్రి ఎక్కడ కట్టాడో అక్కడే, ముందు రేవులో, ఇంకో రెండు మోకులు వేసి కట్టాడు.

మధ్యాహ్నం గాలి మొదలైంది. ముందు తూర్పు నుంచి. స్తాథిస్ గుమ్మంలో నిలబడి మోకులు చూస్తూ ఉన్నాడు. గాలి దక్షిణానికి తిరుగుతుందని కాచుకున్నాడు. అది ఉత్తరానికి తిరిగింది. కెరటాలు తెరిచిన రేవులోకి నేరుగా వచ్చి పడ్డాయి. మోకులు తెగలేదు. పడవే రాతిగట్టుకు కొట్టుకుని, చీకటి పడేలోపు పలకలు పలకలుగా విడిపోయింది. మోకుల కొసలకు కర్రముక్కలు వేలాడుతున్నాయి.

ఆ రాత్రే రుబీని ఫోను చేసింది. "మావయ్యా, పడవ ఎలా ఉంది?"

"నీకు తెలుసు ఉత్తరమని" అన్నాడు.

"చివరి గంటలో తెలిసింది. అప్పుడే రేడియోలో చెప్పాను. మీకు కరెంటు పోయినట్టుంది." ఆ పిల్ల గొంతు బొంగురుపోయి ఉంది. నిజంగా ఏడ్చిందా, నటిస్తోందా అని స్తాథిస్ ఆలోచిస్తూనే పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే వెనక రేవుకి పోయాడు. పనాయిస్ ఒక్కడే మునిగి ఒక్కో రాయీ తీసి పడేస్తున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. స్తాథిస్‌ను చూసి మళ్ళీ మునిగాడు.

స్తాథిస్ చొక్కా విప్పి నీళ్ళలోకి దిగాడు. మునిగి, ముందు పడవ అడుగంతా చేత్తో తడిమాడు. పరిహారం కోసం వేసిన గొడ్డలి దెబ్బ ఎక్కడైనా ఉందేమోనని. ఎక్కడా లేదు. గుండ్రంగా, నున్నగా బిరడా కన్నం ఒక్కటే ఉంది.

పైకి తేలి ఊపిరి పీల్చుకున్నాడు. మళ్ళీ మునిగి ఒక రాయి తీశాడు. రాళ్ళు తగ్గేసరికి పడవ నీళ్ళతో పాటే పైకి లేచింది. ఇద్దరూ ఛాతీలోతుకు ఈడ్చుకొచ్చారు.

"బిరడా?" అన్నాడు స్తాథిస్.

"గట్టున చొక్కా జేబులో ఉంది. తెస్తానుండు."

"వద్దు. నువ్వు నీళ్ళు తోడు" అని స్తాథిస్ కన్నంలో బొటనవేలు పెట్టి నిలబడ్డాడు.