అవతలి రెక్క

విమానం నడిపేవాళ్ళకి తమ రెక్కల చివర్లు కనపడవని జ్యోత్స్నకి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే చెప్పారు. ఆమె నమ్మలేదు. అంత పెద్ద యంత్రాన్ని, నూట ఎనభై మందిని కడుపులో పెట్టుకుని, అంచులు కనపడకుండానే నిలిపే చోటికి తెస్తారా అనుకుంది. అందుకే కింద మనుషుల్ని పెడతారు. ఎదురుగా ఒకడు నిలబడి పైలట్‌ని రమ్మని సైగ చేస్తాడు. రెక్కల చివర్ల దగ్గర ఇద్దరు నిలబడి దారి ఖాళీగా ఉందో లేదో ఆ ఎదుటివాడికి చూపిస్తారు. చేతిలో కర్ర పైకెత్తితే ఖాళీ. రెండు కర్రలూ తలమీద అడ్డంగా పెడితే ఆపమని.

జ్యోత్స్నది రేపల్లె. తెనాలి చెంచుపేటలో గది తీసుకుని రోజూ రైల్లో విమానాశ్రయానికి డ్యూటీకి వెళ్ళేది. ఎడమ రెక్క ఆమెది. కుడి రెక్క గిరీష్‌ది. వాడు బాపట్ల నుంచి వచ్చేవాడు. ఆమె కంటే మూడేళ్ళు చిన్న. తెనాలిలో ఆమె ఎక్కేసరికి పక్కన చోటు ఆపి ఉంచి, ఇంటినుంచి తెచ్చిన టిఫిన్‌లో సగం చేతిలో పెట్టేవాడు.

ఆ వేసవిలో, విమానాలు నిలిపే చోట్లలో నాలుగో నంబరులోకి కొత్త రకం విమానం రావడం మొదలైంది. పాతవాటికన్నా రెక్కలు పొడుగు. బళ్ళు ఆగాల్సిన ఎర్రగీత మాత్రం పాతదే. ఎండకి వెలిసి, ఉందా లేదా అన్నట్టుంది. మొదటిరోజే జ్యోత్స్న రెక్క అంచు నుంచి గీత దాకా అడుగులు వేసి చూసింది. నాలుగే వచ్చాయి.

"గీత ఇంకా వెనక్కి జరపాలి సార్. బండి కొంచెం ముందుకొచ్చినా తగులుద్దండి," అంది.

సూపర్‌వైజర్ నరసింహారావు ఫోనులోంచి తలెత్తలేదు. "ఆ గీత నువ్వూ నేనూ గీసింది కాదమ్మా. పైకి రాశాను. వాళ్ళు చూసుకుంటారు."

రెండోరోజు నిచ్చెన బండి ముక్కు గీత దాటి ఉంటే గిరీష్ కర్రలు అడ్డం పెట్టాడు. విమానం ఆగింది. బండి నడిపేవాణ్ణి వెతికి తెచ్చేసరికి పావుగంట పట్టింది. ఆలస్యానికి నరసింహారావుని సంజాయిషీ అడిగారు. సాయంత్రం అందర్నీ నిలబెట్టి ఆయన ఒకటే మాట అన్నాడు. "అనుమానం వచ్చిందని ఆపొద్దు. కంటికి కనపడితేనే ఆపండి." ఆ మాట తర్వాత ఆపడమంటే అందరికీ లోపల బెదురు పట్టుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం సామాను దింపడానికి మనుషులు తక్కువయ్యారు.

"గిరీష్, నువ్వు అటెళ్ళు. కుడివైపు నేనుంటా," అన్నాడు నరసింహారావు.

గిరీష్ ఒకసారి జ్యోత్స్న వైపు చూసి వెళ్ళిపోయాడు.

విమానం మలుపు తిరిగి లోపలికి వచ్చింది. వేడిగాలి మొహాన కొట్టింది. జ్యోత్స్న వైపు దారి ఖాళీగానే ఉంది. కర్ర ఎత్తింది. అయినా మనసు ఊరుకోక వంగి, విమానం పొట్ట కిందనుంచి అవతలికి చూసింది. భోజనాల లారీ చక్రాలు కనిపించాయి. గీత దాటి ఇవతలికి వచ్చి ఉన్నాయి.

ఆమె రెండు కర్రలూ అడ్డం పెట్టింది. ఎదురుగా సైగ చేస్తున్న కృష్ణచైతన్య ఆమెను చూశాడు, ఆమె వైపు ఖాళీ నేలను చూశాడు, అర్థంకాక కుడివైపు తిరిగాడు. అక్కడ నరసింహారావు ఒక చేత్తో ఫోను చెవికి పెట్టుకుని, రెండో చెయ్యి ఎండకి అడ్డంగా పైకెత్తి ఉన్నాడు. కృష్ణచైతన్య దాన్ని ఖాళీ అనుకున్నాడు. రమ్మని ఇంకో సైగ చేశాడు.

రేకు చీలిన చప్పుడు చెవులకున్న మూతల్లోంచి కూడా వినపడింది.

రెక్క లారీ పెట్టెని పైభాగాన చీల్చుకుంటూ వెళ్ళి ఆగింది. లోపల, విమానంలోకి భోజనాలు ఎక్కించే మధుబాబు ఉన్నాడు. నీళ్ళ డబ్బా కోసం వంగాడు కాబట్టి బతికాడు. మీద పడిన బరువుకి మోచెయ్యి విరిగింది.

ఆదివారం జ్యోత్స్న రేపల్లె మీదుగా అడవులదీవి వెళ్ళి అతన్ని చూసింది. అరుగు మీద చెయ్యి మెడకి కట్టుకుని కూర్చున్నాడు.

"ఇప్పటికీ నిటారుగా నిలబడాలంటే భయమేస్తందమ్మా. తలమీదనించి ఏదో వస్తన్నట్టుంటది," అన్నాడు. తర్వాత అడిగాడు. "కుడివైపు ఎవరున్నారు?"



మర్నాడు డ్యూటీ అయ్యాక తిరుగు రైల్లో గిరీష్ టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు.

"అక్కా, కుడివైపు నేనే ఉన్నానని రాసిచ్చాను."

"నువ్వు సామాను దగ్గర కదా ఉంది."

"సార్ అడిగారు. కుడివైపు మనిషిని తీసేశామని తెలిస్తే కాంట్రాక్టే పోద్దంట. నేను ఏమరుపాటుగా ఉన్నానంటే హెచ్చరికతో వదిలేస్తారంట. రేపు నిన్నడుగుతారు. నువ్వూ అట్టాగే చెప్పు."

"మధుబాబన్న చచ్చిపోయేవాడు, గిరీష్."

"చావలేదు కదక్కా."

అన్నాక వాడే తల దించుకున్నాడు. తెనాలి రాగానే జ్యోత్స్న దిగిపోయింది.

విచారణ గదిలో ముగ్గురు కూర్చున్నారు. నరసింహారావు తలుపు దగ్గర నిలబడి జ్యోత్స్ననే చూస్తున్నాడు. ఆమె కాగితాన్ని ఎడమచేత్తో అదిమిపెట్టి, తను చూసింది చూసినట్టు రాసింది. గిరీష్ పేరు దగ్గర కలం ఆగింది. సామాను దగ్గర ఉన్నాడు అని రాసింది.

నరసింహారావుని పంపేశారు. అబద్ధం రాసిచ్చినందుకు గిరీష్‌నీ తీసేశారు. ఆమె వారంపాటు ఫోన్ చేసింది. వాడు ఎత్తలేదు. ఒకరోజు వాళ్ళమ్మ ఎత్తి, "నువ్వు మంచిదానివే అమ్మా, ఇంక చెయ్యొద్దు," అని పెట్టేసింది.

నాలుగో నంబరు మూసి ఉంచారు. కొత్త గీత ఎప్పుడు వేస్తారని జ్యోత్స్న కొత్త సూపర్‌వైజర్‌ని అడిగింది. వానలు తగ్గాక వేస్తారని చెప్పాడు. విమానాలు మాత్రం సోమవారం నుంచే అక్కడికి రావడం మొదలైంది.