చిల్వా అడుగున వంటిల్లు

“ఇంకా ఉడకలేదా?” వాకిట్లోంచి కేకేశాడు కెనసి.

పెరట్లో పొయ్యి మీద నసిమా, మొక్కజొన్న పిండి సంకటి, గట్టిపడుతోంది. వీపున చంటిది ఏడుస్తోంది. “కాస్త వచ్చి ఈ కుండ పట్టుకోవయ్యా, చెయ్యి కాలుతోంది” అంది ఎనిఫా.

“పన్నెండేళ్ళు నీళ్ళమీద బతికినోణ్ణి. పొయ్యి పని నాకేం తెలుసు?” అంటూ అతను గవ్వలాటలోకి వంగిపోయాడు.

చిల్వా సరస్సు ఎండిపోయి నాలుగు నెలలు. చేప పోతే జాలరి ఇంట్లో కూర్చోవడం ఎనిఫాకు అర్థమైంది. కానీ దర్జీ కుట్టుమిషను సైకిలుకు కట్టుకుని ఊరెందుకు వదిలాడు? రేవులో తను వేయించి అమ్మే మండాసీ బోండాలు సాయంత్రానికి ఎందుకు మిగిలిపోతున్నాయి? ఈ ముడిని ఆమె రోజూ ఒక్కో పోగే లాగి చూసుకునేది. ఎండుచేప బేరగాళ్ళు రాకపోతే వాళ్ళను ఎక్కించుకొచ్చే సైకిలువాళ్ళకు పని లేదు. వాళ్ళకు పని లేకపోతే కొత్త చొక్కా లేదు, పొద్దున్నే మండాసీ లేదు. ఇన్ని పొయ్యిలు వెలిగించిన ఆ నీళ్ళమీద ఏం జరిగేదో మాత్రం ఆమె ఒక్కసారీ చూడలేదు. ఆడగాలి సోకితే చేప పారిపోతుందని ఆడవాళ్ళను పడవ ఎక్కనిచ్చేవారు కాదు. సరస్సు నడుమ తుంగ మీద గుడిసెలేసుకుని మగవాళ్ళు నెలల తరబడి అక్కడే ఉండేవారు. “పచ్చి దుంప కొరుక్కుని పడుకునేవాళ్ళం” అనేవాడు కెనసి. ఆ మాటకు జాలిపడే, ఇంటికొచ్చిన ప్రతిసారీ అతనికి కోడి కోసి పెట్టేది.

ఇప్పుడు పారిపోవడానికి చేపే లేదు. ఒక ఉదయం చంటిదాన్ని వీపున కట్టుకుని, నెర్రెలిచ్చిన నేలమీద నడుచుకుంటూ వెళ్ళింది.

గుడిసెలన్నీ ఎండిన బురదలోకి దిగి ఒరిగి ఉన్నాయి. ఒకదాని ముందు మతేయు అనే ముసలి జాలరి చిరిగిన వల బాగుచేసుకుంటున్నాడు.

“ఎవరమ్మా నువ్వు?”

“కెనసి పెళ్ళాన్ని, తాతా.”

“మన కెనసీ! రా రా, వాడి గుడిసె ఇదే.”

లోపల మట్టి పొయ్యి. కడిగి బోర్లించిన కుండ. గోడకు వేలాడే తెడ్డు. డబ్బాలో ఉప్పు, మిరపకాయలు.

“నసిమా తిప్పితే వాడే తిప్పాలి. ఒక్క ఉండ కట్టదు. వంతులు వేసుకునేవాళ్ళం గానీ, అందరం వాడి వంతు ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళమే” అన్నాడు ముసలాయన.

ఎనిఫా తెడ్డు అందుకుంది. బొటనవేలు ఆనే చోట కర్ర అరిగి నున్నగా ఉంది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. ఇంత నేర్చిన చేతులకు ఇంటి గుమ్మం దగ్గర ఏమవుతుంది? ఎవరు చూస్తారని భయం? ఎంతసేపు ఆలోచించినా తెగలేదు.

బయటికొస్తే, ఏరు వచ్చి సరస్సులో కలిసే చోట నల్లటి తడినేల మీద గుమ్మడి తీగ పాకి ఉంది.

“ఎవరు వేశారు తాతా?”

“ఎవరూ వెయ్యలేదు. మేం తిని పారేసిన గింజలే.”

“ఉప్పు నేల కదా?”

“అవతలంతా ఉప్పే. ఏటి వారన కాదు.”

పిడికెడు మట్టి తీసి వాసన చూసింది.

ఆ సాయంత్రం ఇంట్లో అంది, “రేపట్నుంచి నేను సరస్సులోకి పోతున్నా. గుమ్మడి, మొక్కజొన్న వేస్తా. చీకటి పడ్డాకే వస్తా.”

“మరి వండేదెవరు?”

ఆమె అతని మొహంలోకి ఆసక్తిగా చూసింది. “మతేయు తాత నిన్ను అడిగానని చెప్పమన్నాడు.”

కెనసి చేతిలో గవ్వలు చేతిలోనే ఉండిపోయాయి.

నాలుగో రోజుకు మరో ఆరుగురు ఆడవాళ్ళు ఏటి వారన నేల తవ్వుతున్నారు. మధ్యాహ్నం పెద్ద కూతురు ఫలెసి గిన్నె మీద గుడ్డ కప్పుకుని వచ్చింది. ఎనిఫా ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. తను ఏ రోజూ ఇంత బాగా తిప్పలేదు.

“నాన్న వండాడా?”

“ఊఁ. ఎవరికీ కనబడకుండా ఇంట్లోకి పొయ్యి తెచ్చి తలుపేసుకుని వండుతున్నాడు. పొగకు దగ్గి చస్తున్నాం. ఎవరికైనా చెప్తే వీపు చిట్లుతుందన్నాడు.”

ఎనిఫా గిన్నె ఖాళీ చేసి చెయ్యి కడుక్కుంది.

“ఇంటికెళ్ళగానే ఆ తలుపు బార్లా తీసెయ్యి ఫలెసీ. అమ్మ తియ్యమందని చెప్పు.”