ఉత్పన్నం కాని ప్రశ్న

తహసీల్దారు ఆఫీసు వెనక మెట్టు మీద కూర్చుని పుష్ప చీర కుచ్చెళ్లు పిండుకుంటోంది. తొడల దాకా తడిసిన చీర. పిండినకొద్దీ ఎర్రనీళ్లు కారుతున్నాయి. సంచిలో పొడి చీర ఉంది. అది కట్టుకోవాలంటే రికార్డు గది తాళం తీయాలి, తీశాక ముందు ఊడ్వాలి, ఊడ్చాక బిందెలు నింపాలి. నింపేసరికి పది అవుతుంది, సార్లు వస్తారు. అందుకని వానాకాలం నాలుగు నెలలూ ఆమె చీర ఒంటిమీదే ఆరుతుంది. పన్నెండేళ్లుగా అంతే.

ఆమెకు నలభై నాలుగేళ్లు. ఎత్తుగా, ఎముకలు తేలి ఉంటుంది. జూన్ దాటితే కాలివేళ్ల సందులు నీటికి నాని తెల్లగా ఉబ్బుతాయి, దీపావళి పోయాక మానతాయి. ఆశ్రమ పాఠశాలలో ఏడు దాకా చదివింది. ఇరవై ఆరేళ్ల కింద బలరాంను చేసుకుని తునికివాగు అవతలి తండాకు వచ్చింది. ఇద్దరు పిల్లల్నీ ఆరేళ్లు నిండగానే హాస్టల్లో వేసింది. వానాకాలంలో వాగు దాటించి బడికి పంపడం కుదరదు. ఆ ఇద్దరి మధ్య ఇంకొక బిడ్డ ఉంది. ఆ కాన్పు వాగు ఒడ్డునే జరిగింది, నీళ్లు తగ్గుతాయని ఎదురుచూస్తుండగా. బిడ్డ దక్కలేదు. పేరు కూడా పెట్టలేదు.

చీపురు పట్టుకునే ముందు ఫోను చేసింది.

"మామ ఎట్లున్నడు?"

"ఒక్క మాటకు రెండుసార్లు ఊపిరి తీస్తుండు," అన్నాడు బలరాం. "నువ్వు పోయినంక చెయ్యంత ఎక్కినయి నీళ్లు. పైన గుట్టల మీద కొడుతున్నట్టుంది వాన."

"నూటెనిమిదికి చెయ్యి."

"చేసిన. ఇవతలికి ఎట్లొస్తది బండి? అటు ఒడ్డుకు వచ్చి ఆగుతదట. మనమే దాటించాలె. మధ్యాహ్నానికి తగ్గుతయేమో చూస్త." ఆగి అన్నాడు, "నిన్ను అడుగుతుండు. మన ప్రశ్న వచ్చిందా అని."

"ఇయ్యాలనో రేపో వస్తదని చెప్పు."

మామ హాతీరాంకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు వార్డు మెంబరు. వాగు మీద వంతెన కావాలని ఆయన పెట్టిన అర్జీ శాసనసభలో ప్రశ్న కావడం ఇది మొదటిసారి కాదు. ఆ ప్రశ్న వంశమంతా ఆయనకు నోటికి వచ్చు. మొదటిది ఉమ్మడి రాష్ట్రంలో, రెండు వందల తొంభై నాలుగు మంది కూర్చునే సభలో అడిగారు. ఆ వేసవిలోనే ఎవరో కాంట్రాక్టరు వాగులో ఆరు సిమెంటు తూములు దొర్లించి పైన మట్టి పోశాడు. వంతెన కట్టామని సభకు జవాబు వెళ్లింది. మరుసటి ఏడు వరదకు తూములు కొట్టుకుపోయాయి. రెండు తూములు ఇంకా కింద మడుగులో ఉన్నాయి, వాటిలో ఉడుములు ఉంటున్నాయి.

తర్వాత రాష్ట్రం విడిపోయింది. నూట పంతొమ్మిది మంది సభ వచ్చింది. హాతీరాం మళ్లీ అర్జీ పెట్టాడు, ప్రశ్న మళ్లీ జాబితాకెక్కింది. అది పిలుపు అందుకోకముందే, గడువుకు ఇంకా తొమ్మిది నెలలుండగా, సభను రద్దు చేశారు. సభతోపాటు అందులో నిలిచి ఉన్న ప్రశ్నలన్నీ పోతాయని ఆయనకు అప్పుడు తెలిసింది. రద్దు కాని సభ ఇంకొకటి ఉందని ఎవరో చెబితే శాసనమండలి సభ్యుడొకాయన దగ్గరికి వెళ్లాడు. మండలి రద్దు కాదు, నిజమే. కానీ రెండేళ్లకోసారి అందులో మూడో వంతు మంది దిగిపోతారు. ఆ సభ్యుడు ఆ మూడో వంతులో ఉన్నాడు. ఆ తర్వాతి శాసనసభలో ఒకసారి ప్రశ్న ఆ రోజు వరుసలోకి కూడా వచ్చింది. ఎమ్మెల్యే పాసు ఇప్పిస్తే హాతీరాం హైదరాబాదు వెళ్లి పైన గ్యాలరీలో కూర్చున్నాడు. కాలు మీద కాలు వేసుకోవద్దన్నారు, వేసుకోలేదు. నవ్వొద్దన్నారు, నవ్వలేదు. ప్రశ్నల కోసం ఉన్న గంటంతా కింద అరుపులతో గడిచిపోయింది. మిగిలిన ప్రశ్నలకు జవాబులు సభ ముందు ఉంచినట్లు భావించాలని చెప్పి లేచిపోయారు.

"అంటే చెప్పినట్టే లెక్కనట," అని ఇంటికొచ్చి కోడలికి చెప్పాడు. "ఎవ్వరూ చెప్పలే, ఎవ్వరూ వినలే. అయినా చెప్పినట్టే." వాగు పేరు ఒక్కసారి ఆ మైకులో వినాలని మాత్రం ఆయనకు ఉండిపోయింది.

పదకొండున్నరకు కలెక్టరేటు నుంచి ఫోను వచ్చింది. నాయబ్ తహసీల్దార్ వెంకటరామారావు నిలబడి మాట్లాడి, రిసీవరు పెట్టేశాడు.

"ఎల్‌ఏక్యూ అమ్మా," అన్నాడు జూనియర్ అసిస్టెంట్ పద్మప్రియతో. "తునికివాగు వంతెన. రేపు పొద్దున సభలోకి వస్తుందంట. రెండింటికల్లా జవాబు పోవాలి."

శాసనసభ ప్రశ్నను ఆఫీసులో అలా అంటారు. ఆ మాట వినబడితే టీ తాగుతున్నవాళ్లు గ్లాసు కింద పెడతారు. ఎక్కడో హైదరాబాదులో తెల్ల భవనంలో అడిగిన మాట సెక్రటేరియట్ దాకా, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగుతుంది. అంతకంటే కిందకు దిగదు.

పద్మప్రియ వరసగా ఫోన్లు చేసింది.

"పంచాయతీ సెక్రటరీ సెలవట సార్. కల్లూరులో పెళ్లికి పోయిండు."

"ఇంజనీరు ఆఫీసు?"

"వర్క్ ఇన్‌స్పెక్టరు కొత్తగ వచ్చిండట. తునికివాగు ఎటుదిక్కని నన్నే అడుగుతుండు."

"ఫారెస్టు వాళ్లు?"

"వంతెనకు మేం పర్మిషన్ ఇయ్యలేదని రాసిస్తరట. ఉన్నదా లేదా అంటే మాత్రం చెప్పరట."

వెంకటరామారావు నుదురు రుద్దుకున్నాడు. పుష్ప టీ గ్లాసు ఆయన ముందు పెట్టింది. ఆమె నిలబడ్డ చోట గచ్చు మీద తడి అచ్చు పడింది.

"నేను పొద్దున దాటే వచ్చిన సార్," అంది.

ఇద్దరూ తలెత్తారు. బీరువా మాట్లాడితే ఎలా చూస్తారో అలా చూశారు.

"అవును కదా, మీది ఆ ఒడ్డే కదూ," అన్నాడు వెంకటరామారావు.

"వంతెన లేదు సార్. తాడు ఉన్నది. అది గూడ మా ఆయనోళ్లు కట్టిందే."

పద్మప్రియ వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. "రాయాల్నా సార్?"

"ఏమని రాస్తావు? అటెండర్ చెప్పిందనా?" ఆయన గొంతులో వెక్కిరింత లేదు. నిజంగానే ఆ సందేహం వచ్చినట్టు అడిగాడు. "పాత ఫైలు తీయమ్మా పుష్పా. పోయినసారి ఏం పంపామో చూద్దాం."

ఫైలు ఎక్కడుందో ఆమెకు తెలుసు. రికార్డు గదిలో కింది అరలో, చెదలు తినకుండా వేపాకు వేసి ఆమే కట్టింది. పద్మప్రియ అందులోని కాగితం పైకి చదివింది.

"ఎ. తునికివాగుపై వంతెన లేక తండావాసులు ఇబ్బంది పడుతున్న మాట వాస్తవమేనా? వాస్తవం కాదు. వంతెన నిర్మించబడింది. బి. అయినచో, ఎప్పటిలోగా నిర్మిస్తారు? ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు."

"అదే కొట్టు. తేదీ మార్చు," అన్నాడు వెంకటరామారావు.

"కొట్టుకపోయిందని రాయొచ్చు గద సార్," అంది పద్మప్రియ మెల్లగా.

"ఎప్పుడు కొట్టుకుపోయిందని అడుగుతారు. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదంటారు. సభకు తప్పు సమాచారం ఇవ్వడమంటే ఏమిటో తెలుసా? సభా హక్కుల ఉల్లంఘన. అప్పుడు సంతకం పెట్టినాయన దగ్గర్నుంచి ఇప్పుడు పెట్టే నాదాకా అందరికీ నోటీసులు. నాకింకా ఎనిమిది నెలలుంది సర్వీసు."

ప్రింటరు పక్కన నిలబడ్డ పుష్ప అడిగింది. "అప్పుడు చెప్పిన సభ పాయె. ఆ రాష్ట్రమే పాయె. ఇప్పుడది ఎవరికి తప్పయితది సార్?"

"సభ పోతే ప్రశ్న పోతుందమ్మా," అన్నాడాయన. "జవాబు పోదు. ఫైల్లో ఉంటుంది."

పుష్ప బల్ల మీది ఫైలు వైపు చూసింది. వాగు ఒడ్డున పేరు లేకుండా పోయిన బిడ్డ ఏ ఫైల్లోనూ లేదు. నిరుడు పాము కరిస్తే మంచం మీద మోసుకొచ్చిన తండా మనిషి గోప్యా లేడు. ఏటా కొట్టుకుపోయే మేకలు లేవు, పరీక్షకు అందుకోలేక ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు లేరు. పదేళ్ల కింద కొట్టుకుపోయిన ఆరు తూములు మాత్రం ఉన్నాయి. వాటి మీద నుంచి ఆమె రోజూ పొడి చీరతో నడిచి వస్తున్నట్టు మంత్రిగారు సభలో లేచి చెబుతారు. ఆ సభకు ఓటు వేయడానికి ఆమె ప్రతిసారీ వాగు దాటింది. పోలింగు పెట్టెలు ఇవతలి ఒడ్డుననే పెడతారు. అవతలికి తీసుకుపోవడం ప్రమాదమని రాసుకుంటారు.

ఫోను మోగింది. బయటికి వెళ్లి ఎత్తింది.

"ఇంక ఆగేటట్టు లేదు," అన్నాడు బలరాం. "పెదాలు నల్లగైనయి. నీళ్లు తగ్గినా తగ్గకున్నా దింపుతున్నం. నువ్వు ఒడ్డుకాడికి రా."

లోపలికి వచ్చేసరికి కాగితం తయారుగా ఉంది. కింద వెంకటరామారావు సంతకం. ఆఫీసు ముద్ర వేయడం, నంబరు వేయడం, స్కాను చేయడం పుష్ప పని. ఆయన ముద్ర ఆమె వైపు జరిపాడు.

"వెయ్యమ్మా. టైమవుతోంది."

ఆమె చేయి చాపలేదు.

"మా మామ అవతల ఒడ్డున ఊపిరాడక పడి ఉన్నడు సార్," అంది. "నూటెనిమిది ఇవతల నిలబడ్డది. ఈ కాగితంల వంతెన ఉన్నది గద. దాని మీదికెళ్లి తీసుకరమ్మని చెప్పమంటరా మా ఆయనకు?"

వెంకటరామారావు కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. పుష్ప చెప్పేది అబద్ధమని ఆయన ఒక్కసారీ అనలేదు. ఆమెకు ఒళ్లు మండింది ఆ సంగతికే.

"నాకు తెలీదా పుష్పా. మనం పైకి ఏం రాసినా వాళ్లు... ముద్ర వెయ్యి ముందు."

"నేను వెయ్య సార్."

పన్నెండేళ్లలో ఆ గదిలో ఆమె ఎన్నడూ అనని మాట. గట్టిగా కూడా అనలేదు.

"ఔట్‌సోర్సింగ్ మనిషివి. ఏజెన్సీకి ఒక్క మాట చెబితే..." అని, ఆయన అంతటితో ఆపేశాడు. తనే ముద్ర అందుకుని సిరాబిళ్ల మీద అద్ది కాగితం మీద వేశాడు. అలవాటు లేని చేయి. ముద్ర తలకిందులుగా పడింది. ఒక క్షణం దాన్ని చూసి, అలాగే స్కాను చేయమని పద్మప్రియకు ఇచ్చాడు.

పుష్ప సంచి తీసుకుంది. వరండాలో పద్మప్రియ వెనకే వచ్చింది.

"ఉండు అక్కా, మా తమ్మునికి ఫోన్ చేసిన. బండి మీద దింపుతడు. ఆటో కోసం ఆగకు."

ములకలపల్లి వెళ్లే బస్సు వెనకే బండి కొంతదూరం పోయి, అడవి దారిలోకి తిరిగింది. పుష్ప వాగు దగ్గర దిగేసరికి మూడు దాటింది. అంబులెన్సు తలుపులు తెరిచి ఉంది. స్ట్రెచర్ కిందికి దించి, నీళ్లకు పదడుగుల దూరంలో పెట్టుకుని నిలబడ్డారు ఇద్దరు. వాళ్లు చేయగలిగింది అంతే. వాగు నిండుగా, చప్పుడు కూడా లేకుండా పోతోంది. పొద్దున ఆమె పట్టుకుని దాటిన తాడు నీళ్లలో మునిగిపోయింది.

అవతలి ఒడ్డున ఏడెనిమిది మంది ఉన్నారు. లారీ ట్యూబుకు గాలి నింపి, దాని మీద ఒక తలుపు చెక్క అడ్డంగా పెట్టి కట్టారు. పుష్ప ఆ తలుపును గుర్తుపట్టింది. తమ ఇంటిదే. నీలం రంగు, ఓటర్ల లెక్కకు వచ్చినవాళ్లు కుంచెతో వేసిన ఎర్ర నంబరు. తలుపు మీద దుప్పటిలో హాతీరాం ఉన్నాడు. నలుగురు నడుము లోతు నీళ్లలోకి దిగారు. ఇంకో నాలుగడుగులు వచ్చారు. ఎందుకో ఆగారు.

బలరాం వంగి తండ్రి మొహం మీద చెవి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత నిలబడి ఇవతలి ఒడ్డు వైపు చూశాడు. పుష్ప కనిపించి ఉంటుంది. కుడిచేయి పైకెత్తి అటూ ఇటూ ఊపాడు, వద్దన్నట్టుగా. బండిని పొమ్మన్నట్టుగా.

అంబులెన్సులో వచ్చిన అమ్మాయి పుస్తకంలో టైము రాసుకుని, పేషెంటు పేరు చెప్పమంది.

"బాణోతు హాతీరాం," అంది పుష్ప.

ఫోను రెండుసార్లు కొట్టుకుంది. పద్మప్రియ మెసేజీలు. సభ ఇప్పుడే నిరవధికంగా వాయిదా పడిందట, టీవీలో చెబుతున్నారట. రేపు ప్రశ్నలు లేవట. జవాబులు మాత్రం సభ ముందు ఉంచినట్లుగానే భావిస్తారట. "సారీ అక్కా. మామకు ఎట్లున్నది?"

పుష్ప సంచిని ఒళ్లో పెట్టుకుని ఒడ్డున రాతి మీద కూర్చుంది. నీళ్లు ఎప్పుడు తగ్గితే అప్పుడు దాటాలి. అంబులెన్సు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. అవతల నలుగురూ హాతీరాంను దుప్పటితోనే ఎత్తుకుని, తండా వైపు గట్టు ఎక్కారు. వాళ్లు చెట్ల మధ్య కనబడకుండా పోయేదాకా ఆమె చూసింది.

ట్యూబును విప్పడం ఎవరికీ గుర్తు రాలేదు. నీటి అంచున, మద్దిచెట్టు వేరుకు కట్టేసి ఉండి, అలాగే తేలుతోంది. దాని మీద నీలం తలుపు. అల వచ్చి తాకినప్పుడల్లా తలుపు గొళ్లెం లేచి, మళ్లీ చెక్క మీద పడుతోంది.