చలిమిడి పెట్టిన చేతులు

మండపేటలో శ్యామలాంబ తన కూతురికి ఏడో నెల చలిమిడి పెడుతోంది. హాల్లో హేమశ్రీ కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. వచ్చిన ముత్తైదువులంతా కాజాలు, పూతరేకులు తినిపించి దీవిస్తున్నారు. కడుపుతో ఉన్న పిల్ల వద్దనకూడదట. ఇంత ముచ్చటైన వేడుకలో చెడేముందని మీరు అడగవచ్చు. ఆ ఇంటి కోడలు పావనిని అడగండి.

పావని వంటింట్లో ఉంది. బిడ్డను పోగొట్టుకున్నదాని చెయ్యి శుభకార్యంలో పడకూడదని అత్తగారి ఆజ్ఞ.

నిరుడు ఇదే పీట మీద పావని కూర్చుంది. అప్పటికే ఆమెకు షుగరుందనీ, తీపి మానేసి ఇన్సులిన్ తీసుకోవాలనీ డాక్టర్ దేవకుమారిగారు చెప్పారు. "మా ఇంటావంటా లేని జబ్బు. ఆ సూదిమందు కడుపులో పిల్లాడికి ఎక్కేస్తుంది" అంటూ శ్యామలాంబ ఆ మందును పెరట్లో పారేసింది. భర్త గణేష్‌బాబు తల్లి మాట కాదనలేదు. పావనికీ ఎదురు చెప్పే ధైర్యం లేకపోయింది.

నెలలు నిండకముందే కొడుకు పుట్టాడు. బొద్దుగా ఉన్నాడు గానీ ఊపిరి తీసుకోలేకపోయాడు. "తల్లికి షుగరు అదుపులో లేకపోతే బిడ్డ ఒళ్ళు పెరుగుతుందమ్మా, ఊపిరితిత్తులు మాత్రం ఎదగవు" అన్నారు దేవకుమారిగారు. గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. మిషను గాలి కొట్టినప్పుడల్లా ఆ చిన్న రొమ్ము లేవడం పావని అద్దం బయటినుంచి చూసింది. బిడ్డ దక్కలేదు. కోడలి కడుపు మంచిది కాదని శ్యామలాంబ వీధంతా చెప్పుకుంది. అత్త కడుపు కూడా ఇలాగే మండాలని ఆనాటినుంచి పావని దేవుణ్ణి వేడుకుంటూనే ఉంది.

హేమశ్రీ ఆయాసపడుతూ వంటింట్లోకి వచ్చింది.

"మంచినీళ్ళివ్వు వదినా. ఎంత తాగినా దాహం తీరట్లేదు."

"డాక్టరుగారికి చెప్పావా?"

"షుగరన్నారు. సూదులు రాశారు. అమ్మ వద్దంది. పర్లేదు కదా?"

పావని గుండె ఎగిరి గంతేసింది. పర్లేదని ఒక్క మాట అంటే చాలు, అత్త తన చేతులతోనే కూతురి కడుపున చిచ్చు పెట్టుకుంటుంది. ఆ సంతోషానికి పావని సిగ్గుపడలేదు.

"వీడు చూడు, ఎలా తన్నుతున్నాడో!" అంటూ హేమశ్రీ వదిన చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది.

అరచేతి కింద బిడ్డ కదిలాడు. అద్దం అవతల మిషను గాలికి లేచిన ఆ చిన్న రొమ్ము పావనికి గుర్తొచ్చింది. ఆడపడుచును చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిపించింది. చలిమిడి పళ్ళేన్ని పక్కకు తోసేసింది.

"పావనీ! చెయ్యి తియ్యి!" అని అరిచింది శ్యామలాంబ.

"తియ్యనండి. హేమకి షుగరుంది. నాకూ ఉండేది. నా మందు పెరట్లో పారేసింది మీరు కాదా అత్తయ్యగారూ?"

"అమ్మా, నిజమేనా?" హేమశ్రీ అడిగింది. శ్యామలాంబ తల దించుకుంది. హాల్లోకి రాగానే ఒకావిడ నోట్లో పెట్టిన కాజాను హేమశ్రీ చేతిలోకి ఉమ్మేసింది.

పావని ముత్తైదువుల వైపు తిరిగింది. "తల్లి జబ్బుకి మందు మాన్పిస్తే పుట్టబోయే బిడ్డ ఊపిరి తీసినట్టేనండి. ఈ మాట మీ మీ ఇళ్ళలో చెప్పండి."

తర్వాత అత్తగారితో అంది.

"మిమ్మల్ని నేను క్షమించను. హేమ బిడ్డ హాయిగా ఊపిరి పీల్చుకుంటూ మీ ఒళ్ళో నిద్రపోవాలి. అప్పుడు మీకు నా కొడుకు గుర్తు రావాలి. నా పగ అంతేనండి."