రేపటి అడుగుల డొంక

రెండు ఊళ్ళ మధ్య బండి పట్టే దారి లేదు. ఉన్నదల్లా గుర్రాల బాట. ఇరువైపులా తలెత్తు ముళ్ళకంచె పెరిగిన డొంక. నర్సు పొద్దున్నే మందుల సంచీ భుజాన వేసుకుని ఆ దారిన పై ఊరికి వెళ్ళి, పుళ్ళకి కట్లు మార్చి, బాలింతల్ని చూసి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. పంతొమ్మిదేళ్ళుగా ఒక్క రోజు మానలేదు.

ఆ డొంకలో రేపు నడవబోయేవాళ్ళ అడుగులు ఇవాళే వినిపిస్తాయి. మనిషి కనపడడు, చప్పుడు మాత్రం పక్కనుంచి వెళ్ళిపోతుంది. దానికెవరూ జడుసుకోరు. ఎదురొస్తే అలవాటుగా తప్పుకుంటారు. నాడాలు కొట్టే ఆయన రేపెన్ని గుర్రాలొస్తాయో విని, దాన్నిబట్టి బొగ్గులు తెచ్చుకుంటాడు. ఒకసారి పోస్ట్‌మాన్ తన అడుగులు తానే విని, ఏమవుతుందో చూద్దామని మర్నాడు సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాడు. సాయంత్రానికి మేక తప్పిపోయి, దాన్ని వెతుక్కుంటూ వెళ్ళి డొంకలోనే తేలాడు. ఆ తర్వాత దాంతో ఎవరూ పంతానికి పోలేదు.

ఆ మధ్యాహ్నం నర్సు తిరిగొస్తోంది. ఎండ నడినెత్తిన ఉంది. కంచెలో పిట్ట కూడా పలకడం లేదు. వాగు మీది రాతిపలకల వంతెన దాటగానే తన అడుగులే ఎదురొచ్చాయి. ఎడమ మడమ ఈడ్చే నడక, పోల్చుకోకుండా ఎలా ఉంటుంది? అంతలో వెనక, పై ఊరి వైపునుంచి, ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడు. మూడడుగులకోసారి చిన్న గెంతు.

నర్సు వెనక్కి తిరిగింది. ఆ గెంతు తన చెల్లెలిది. పిల్లప్పటినుంచీ అది అలాగే పరుగెత్తేది.

పరుగు వంతెన మధ్యదాకా వచ్చి ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ కదలలేదు. కాసేపటికి నర్సు అడుగులే ఇంటివైపు తిరిగాయి. నేలలోకి దిగబడేంత బరువుగా, ఆగి ఆగి. అలాంటి నడక ఆమె చాలాసార్లు చూసింది. అయినవాళ్ళని సాగనంపి వచ్చేవాళ్ళు అలా నడుస్తారు.

అక్కాచెల్లెళ్ళకి ఆరేళ్ళుగా మాటల్లేవు. అమ్మ పోయిన రోజు నర్సు ఎవరికో పురుడు పోస్తూ ఉండిపోయింది. "లోకంలో అందరికీ ఉంటావు, అమ్మకి తప్ప" అంది చెల్లెలు. అప్పటినుంచీ నర్సు రోజూ పై ఊరికి వెళ్ళినా చెల్లెలి వీధిలో మాత్రం అడుగుపెట్టేది కాదు.

ఇంటికొచ్చి విన్నదంతా భర్తకి చెప్పింది. ఆయన వడ్రంగి. చేతిలో ఉలి పక్కన పెట్టాడు.

"రేపు వెళ్ళకు" అన్నాడు.

"నేను మానేస్తే అదొక్కతే ఉంటుంది అక్కడ."

ఆయన రెండు చెక్కముక్కలు నున్నగా చిత్రిక పట్టి, ఒక మోకు చుట్టచుట్టి ఆమె సంచీలో పెట్టాడు.

మర్నాడు నర్సు వంతెన దగ్గరికి వెళ్ళేసరికి అవతలినుంచి చెల్లెలు పరుగెత్తుకొస్తోంది.

"ఆగవే, వంతెన ఎక్కకు."

"నువ్వే వెనక్కి పో అక్కా" అంటూ చెల్లెలు ఎక్కేసింది.

మధ్య పలక తిరగబడింది. చెల్లెలు నడుందాకా దిగిపోయింది. కాలు రాళ్ళ మధ్య ఇరుక్కుంది, కింద నీళ్ళు లాగేస్తున్నాయి. నర్సు బోర్లా పడుకుని, చెల్లెలి చంకల కిందుగా మోకు వేసి, రెండో కొస ఒడ్డున చెట్టుకి బిగించి, అంగుళం అంగుళం లాగింది. పైకి వచ్చేసరికి చీలమండ విరిగి ఉంది. చెక్కలు పెట్టి కట్టు కట్టింది.

"ఎందుకే అంత పరుగు?"

"నిన్న నువ్వు విన్నప్పుడు నేను కంచె అవతల గడ్డి కోస్తున్నా. నీ అడుగులు అంత బరువుగా ఉంటే, నీకేదో అవుతుందనుకున్నా. ముందే ఆపుదామని వచ్చా."

"నీ పరుగు ఆగిపోవడం వినలేదా?"

"విన్నా."

నర్సు సంచీని మెడలో ముందుకి వేసుకుంది. తర్వాత వెనక్కి తిరిగి వంగింది. "ఎక్కు" అంది.

చెల్లెల్ని వీపున వేసుకుని మొదటి అడుగు వేయగానే ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అదే చప్పుడు. నేలలోకి దిగబడుతూ, ఆగి ఆగి.

డొంకలో రేపటివాళ్ళు ఎదురవుతూనే ఉన్నారు. పోస్ట్‌మాన్ చెప్పులు, రెండు గుర్రాలు, ఎవరో ముసలాయన కర్ర. చెల్లెలు తల వంచి ఒక్కో చప్పుడూ వింటోంది. కంచె అయిపోయి నర్సు ఊరి ఇళ్ళు కనపడేసరికి అక్క మెడ చుట్టూ చేతులు బిగించింది.

"అక్కా, వీటిలో నీ అడుగులు లేవు."

నర్సుకీ అవి వినపడలేదు. పంతొమ్మిదేళ్ళలో ఇలా ఎన్నడూ జరగలేదు. ఆగి, ఊపిరి పీల్చుకుని, జారిపోతున్న చెల్లెల్ని పైకి ఎగదోసుకుంది.

"ఎందుకుంటాయే? రేపు నేను నీ దగ్గరే ఉంటాను."