పెట్టె మూలన గాజుబిళ్ల

పాలు పలచబడితే బర్రెను కూడా అనుమానిస్తానని నా భార్య జమున నన్ను దెప్పుతుంటుంది. నిజమే. కరీంనగర్‌లో మా ఇంజనీరింగ్ కాలేజీ తయారుచేస్తున్న చిన్న అంతరిక్ష టెలిస్కోపుకు నన్ను బాధ్యుడిగా పెట్టింది కూడా అందుకేనేమో.

అది చెప్పుల డబ్బా అంత ఉంటుంది. కొత్తగా పుట్టిన వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతిని చూడటం దాని పని. ఆ కాంతిని గాలి మన దాకా రానివ్వదు కాబట్టి అది రాకెట్ ఎక్కి పైకి పోవాల్సిందే. దాని అద్దం మీద కంటికి కనపడనంత నూనె పొర పట్టినా ఆ వెలుగుకు గుడ్డిదైపోతుంది. అందుకే అద్దం రాకముందే, దాన్ని దాచబోయే పెట్టెలో ఒక గాజుబిళ్ల పెట్టి వారం వారం పరీక్షిస్తున్నాం. మూడు వారాలుగా బిళ్ల మీద నూనె తేలుతూనే ఉంది.

పెట్టె తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గర, ఇంకొకటి క్యాథరిన్ దగ్గర. అద్దం బిగించాల్సిన టెక్నీషియన్ ఆమె, ఆసిఫాబాద్ పిల్ల. తలనూనె చేతులతో పెట్టె ముట్టావా అని అందరి ముందూ గట్టిగా అడిగాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారు కదా, ఆమె తడుముకోలేదు. నాకు అదీ అనుమానమే. సంచి వెతికించాను. తలనూనె దొరకలేదు. దాచేసిందనుకున్నాను. ఆమెను తీసేయమని ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాశాను. ఆ మచ్చ పడితే మళ్లీ ఏ ప్రయోగశాలా ఆమెను గడప తొక్కనివ్వదు. అది తెలిసే రాశాను.

మరునాడు క్యాథరిన్ నా దగ్గరికి వచ్చింది.

"సార్, నన్ను తీసేసే ముందట ఒక్క పని చెయ్యుండ్రి. పెట్టెల నాలుగు మూలలకు నాలుగు బిళ్లలు పెట్టుండ్రి. నా తాళంచెవి సుత మీ దగ్గరనే ఉంచుకోండ్రి."

ఇందులో ఏదో మతలబు ఉందనుకుంటూనే ఒప్పుకున్నాను.

వారం తర్వాత చూస్తే మూడు బిళ్లలు బాగానే ఉన్నాయి. నాలుగోది పూర్తిగా పాడైంది. ఆ మూలన స్పాంజి వెనక తడిమితే చిన్న కాగితం పొట్లం తగిలింది. కొండగట్టు అంజన్న సింధూరం, నూనెలో కలిపింది.

ఆ పొట్లం అక్కడ పెట్టింది నేనే. నెల కింద, రాకెట్ క్షేమంగా పోవాలని మొక్కుకుని పెట్టాను. నూనె గురించి అందరికీ పాఠాలు చెప్పే నాకు, దేవుడి సింధూరంలో నూనె ఉందన్న సంగతే తట్టలేదు.

చప్పుడు చేయకుండా జేబులో వేసుకుంటే సరిపోతుందని ఒక్క క్షణం అనిపించింది. ఆమె పోయాక బిళ్లలు బాగుపడతాయి, అందరూ నా మాటే నిజమంటారు. ఆ ఆలోచనకు నా మీద నాకే అసహ్యం వేసింది. తిరిగి చూస్తే క్యాథరిన్ వెనకే నిలబడి ఉంది.

"నీకు ఎప్పటిసంది ఎరుక?"

"రెండో వారం సంది సార్."

"మరి చెప్పలేదేందమ్మా?"

"నేను ఆదివారం చర్చికి పోయేదాన్ని సార్. అంజన్న సింధూరంతోని పెట్టె ఖరాబైందని నా నోటితోని అంటె, మీరు ఏమనుకుందురు?"

ఏమనుకునేవాణ్నో నాకు తెలుసు.

పొట్లాన్ని కళ్లకద్దుకుని ప్రిన్సిపాల్ గదికి నడిచాను. నా ఉత్తరం ఆయన బల్ల మీదే ఉంది. అందులో ఆమె పేరు కొట్టేసి, నా పేరు రాసి ఇచ్చాను.